పల్లవికి ముందు

పాట పాడుకునేవాళ్ళను గమనించండి. పల్లవి పాడతారు. మాట గుర్తు రాని చోట "నననా" అని దాటేస్తారు. చరణం దగ్గరికి వచ్చేసరికి మాత్రం నేరుగా అందులోకి దూకరు. కాస్త ఆగి నోటితోనే వయొలిన్లు వాయిస్తారు, నాలుకతో తబలా కొడతారు, ఫ్లూటు వచ్చే చోట ఈల వేస్తారు. అదంతా అయ్యాకే చరణం. సాహిత్యం సగం మర్చిపోయినవాడు కూడా ఆ మధ్య ముక్కను ఒక్క స్వరం పొల్లుపోకుండా అప్పజెబుతాడు. వాడికి సంగీతం రాదు, అది ఏ వాద్యమో కూడా సరిగ్గా తెలియదు. అయినా ఆ ముక్క లేకుండా పాడమంటే పాట కుంటుతున్నట్టు ముఖం పెడతాడు.

మా హిందూపురం వైపు ఆర్కెస్ట్రా వాళ్ళు దాన్ని బిట్టు అంటారు. మొదట వచ్చేది ఓపెనింగ్ బిట్టు, మొదటి చరణానికి ముందుది ఫస్ట్ బిట్టు, తర్వాతది సెకండ్ బిట్టు. రిసెప్షన్లలో జనం ఈలలు వేసేది ఓపెనింగ్ బిట్టు పడగానే. అప్పటికి పాటలో ఒక్క మాట రాలేదు, గొంతు వినపడలేదు, చాలాసార్లు బాణీ కూడా మొదలవలేదు. అయినా ఏ పాటో, ఏ సినిమానో, అందులో హీరో ఏ రంగు చొక్కా వేసుకున్నాడో ముందు వరస పిల్లలకు తెలిసిపోయి ఉంటుంది.

మరి ఆ బిట్టు ఎవరిది?

రేడియో మనకు మూడు పేర్లు వరస తప్పకుండా నేర్పింది. సిలోన్ నుంచి మీనాక్షి పొన్నుదురై గారు చెప్పినా, వివిధభారతిలో ఎవరు చెప్పినా, రచన, సంగీతం, గానం, అంతే. ఆ తర్వాత క్యాసెట్లు వచ్చాయి. లోపలి అట్ట మీదా ఆ మూడే. నాలుగో పేరుకు అట్ట మీద చోటు చాలక అనుకోవడానికి లేదు, పక్కనే "మా ఇతర క్యాసెట్లు" అని చీమల బారులా జాబితా ఉండేది. ఆ నాలుగో పేరు అరేంజర్‌ది.

బాణీ కట్టడం ఒక పని, దాన్ని పాటగా నిలబెట్టడం ఇంకో పని. సంగీత దర్శకుడు హార్మోనియం ముందు కూర్చుని పల్లవికీ చరణానికీ వరస ఇస్తాడు. నిర్మాత, దర్శకుడు తలలూపుతారు, కాఫీలు వస్తాయి. అక్కడికి చేతిలో ఉన్నది ఒట్టి గొంతు, ఒక పెట్టె. దానికి ముందు ఏం రావాలి, గాయని ఊపిరి తీసుకునే సందులో ఏ వాద్యం పలకాలి, వయొలిన్లు ఎనిమిది చాలునా ఇరవై కావాలా, చరణం కింద చెల్లో ఏ స్వరం పట్టుకుని నిలబడాలి, తబలా ఎక్కడ ఆగితే డోలక్ అందుకోవాలి, ఇవన్నీ తేల్చేవాడు వేరే ఉండేవాడు. తేల్చి ఊరుకోడు. ఒక్కో వాద్యగాడికి ఒక్కో కాగితం రాసిచ్చి, రికార్డింగ్ థియేటర్లో అందరికీ ఎదురుగా నిలబడి చెయ్యి ఊపేదీ ఆయనే. అప్పటి మద్రాసు రికార్డింగుల్లో గాయకులూ వాద్యబృందమూ కలిసి ఒకే టేకులో పాట ముగించాలి. మూడో నిమిషంలో ఒక క్లారినెట్ తడబడితే మళ్ళీ మొదటి నుంచి. కాల్షీట్ గడియారం మాత్రం ఎవరి కోసమూ ఆగదు. ఇంత మోసినవాడికి టైటిల్స్‌లో దొరికిన హోదా "సహాయకుడు". అదీ సంగీత దర్శకుడి పేరు కింద, తొందరగా కదిలిపోయే చిన్న అక్షరాల్లో.

సంగీత దర్శకులంతా పని ఇంకొకరికి వదిలేసి పేరు తీసుకున్నారని నా మాట కాదు. సాలూరి రాజేశ్వరరావుకు వాద్యాల కూర్పు మీద ఉన్న పట్టు తెలిసిందే. అసలు ఆయన పేరు చెప్పగానే నాకు గుర్తొచ్చే తమాషా కేసు ఒకటుంది. 1957లో వచ్చిన 'మాయాబజార్'. తీసిన కె.వి.రెడ్డి మా పాత అనంతపురం జిల్లా వాడే, తాడిపత్రి. ఆ సినిమాకు మొదట రాజేశ్వరరావును పెట్టుకున్నారు. ఆయన నాలుగు పాటలకు బాణీలు కట్టి తప్పుకున్నారు. ఆ నాలుగింటికీ వాద్యాలు కూర్చి, రికార్డు చేసి, మిగతా పాటలు తాను స్వరపరిచింది ఘంటసాల. తెర మీద సంగీతం పేరూ ఘంటసాలదే. వెన్నెల్లో పడవ పాట ఉంది చూడండి, అభిమన్యుడూ శశిరేఖతో మొదలై కృష్ణుడూ రుక్మిణీ, చివరికి బలరాముడు కూడా భార్యతో పడవెక్కేస్తాడు, ఆ మోహన రాగం బాణీ రాజేశ్వరరావుది. మన చెవిలో పడిన పాట ఘంటసాల చేతి మీదుగా వచ్చింది. ఆ పాట ఎవరిదన్న వాదన అరవై ఏళ్ళు దాటినా తెగలేదు. తెగదు కూడా, ఎందుకంటే వాదించేవాళ్ళు బాణీ ఎవరిదని అడుగుతారే తప్ప, పడవ నీళ్ళ మీద కదులుతున్నట్టు అనిపించింది ఎందువల్ల అని అడగరు. ఆ కదలిక వాద్యాల కూర్పులో ఉంది. అక్కడ, ఆ ఒక్క సినిమాలో, అరేంజర్ పని చేసినాయన పేరు పెద్ద అక్షరాల్లో పడింది. మిగతా చోట్ల జరిగింది దీనికి తిరగేసిన కథ.

ఘంటసాల దగ్గరే చూడండి. పట్రాయని సంగీతరావు ఆయనకు దాదాపు చివరిదాకా హార్మోనియం మీద, స్వరరచన మీద తోడున్నారు. ఘంటసాలకు విజయనగరంలో సంగీతం నేర్పిన పట్రాయని సీతారామశాస్త్రి గారి కొడుకే ఈయన. గురువుగారి అబ్బాయి శిష్యుడి దగ్గర సహాయకుడు! మన ఊళ్ళలో అయితే ఈ ఏర్పాటు రెండు నెలలు సాగదు. వీళ్ళకు 1974లో ఘంటసాల పోయేదాకా సాగింది. ఆ తర్వాత సంగీతరావు వెంపటి చినసత్యం కూచిపూడి నృత్యనాటకాలకు సంగీతం కూర్చారు. 2021లో, నూరేళ్ళు నిండాక పోయారు. అప్పుడు చాలామంది ఆయన్ను గుర్తు చేసుకున్నది ఘంటసాల సహాయకుడిగానే.

ఇంకో జంట కె.వి.మహదేవన్, పుహళేంది. పుహళేంది అసలు పేరు వేలప్పన్ నాయర్, మలయాళీ. మహదేవన్‌ది తమిళం. ఈ ఇద్దరూ కలిసి తెలుగువాళ్ళకు 'శంకరాభరణం' ఇచ్చారు. మహదేవన్ పద్ధతి వేరు. ముందు మాటలు చేతికి రావాలి, అప్పుడే బాణీ. కాగితం చూసి అక్కడికక్కడే వరస కట్టేవాడని ప్రతీతి. ఆ తర్వాత దానికి వాద్యాలు అమర్చడం, గాయకులకు నేర్పడం, పాట చివరి మెరుగుదాకా కనిపెట్టుకుని ఉండటం పుహళేంది వంతు. పరిశ్రమలో ఒకాయన "మామ", ఇంకొకాయన "అప్పు". 'శంకరాభరణం'కు జాతీయ అవార్డులు వచ్చినప్పుడు సంగీతం అవార్డు మహదేవన్‌కు వచ్చింది, గానం అవార్డులు బాలసుబ్రహ్మణ్యానికీ వాణీ జయరాంకూ వచ్చాయి. అప్పుకు ఇవ్వడానికి ఆ జాబితాలో అరేంజర్ అనే గడే లేదు. మామ ఎక్కడా అప్పును దాచలేదు, పేరు చెప్పుకునే తిరిగాడు. దాచింది మనుషులు కాదు, గళ్ళు.

ఈ సంగతులన్నీ హిందూపురంలో కూర్చున్న నాకెందుకంటే, మా ఊరి చెవి కొంచెం వేరు. బెంగళూరు వంద కిలోమీటర్ల చిల్లర. ఊరు దాటి కాసేపు నడిస్తే కర్ణాటక. మా చిన్నప్పుడు పొద్దున కన్నడ పాట, మధ్యాహ్నం తెలుగు పాట, రాత్రి ఏ స్టేషను దొరికితే అది. మాటలు అర్థమైనా కాకపోయినా బిట్లు మాత్రం అన్నీ మావే. బిట్టుకు భాష లేదు కదా! కన్నడ హీరో రాజ్‌కుమార్ సినిమాలకు పాటలిచ్చిన జి.కె.వెంకటేశ్ తెలుగువాడని, హైదరాబాదులో పుట్టాడని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. 1972 నాటి 'బంగారద మనుష్య' పాటలు మా వీధిలో తెలుగువాళ్ళే ఎక్కువ పాడేవాళ్ళు. అదే వెంకటేశ్ 1974లో 'సంపత్తిగె సవాల్' కోసం రాజ్‌కుమార్ చేతనే బర్రె మీద కూర్చుని పాడే పాట పాడించి, ఆయన్ను పూర్తిస్థాయి గాయకుణ్ణి చేశాడు. ఆ వెంకటేశ్ దగ్గర సహాయకుడిగా రెండు వందల సినిమాల దాకా పని చేసిన కుర్రవాడే ఇళయరాజా.

ఇళయరాజాకు ముందు కథ ఇంకొకటి మా పాత జిల్లాను రాసుకుంటూ పోతుంది. అనంతపురం ఇంజనీరింగ్ కాలేజీలో చేరి, టైఫాయిడ్ తగిలి చదువు వదిలేసిన నెల్లూరు కుర్రాడు మద్రాసు చేరి పాటల కచేరీ బృందం నడిపాడు. ఆ బృందంలో గిటార్, హార్మోనియం ఇళయరాజా, తాళవాద్యాలు భాస్కర్, ఇంకో గిటార్ గంగై అమరన్. ముందు నిలబడి పాడేవాడు ఎస్పీ బాలు. సినిమాల్లో ఇంకా పెద్ద పేరు రాక ముందు వీళ్ళంతా చేసింది, ఇప్పుడు మా దగ్గర ఆర్కెస్ట్రా వాళ్ళు చేస్తున్న పనే. ఇతరుల పాటలను, ఉన్న నాలుగు వాద్యాలతో, వేదిక మీద మళ్ళీ నిలబెట్టడం. 1976లో 'అన్నక్కిళి'తో సంగీత దర్శకుడయ్యాక ఇళయరాజా తన వాద్యాల కాగితాలు తానే రాసుకున్నాడు. వయొలిన్ మొదలు బేస్ గిటార్ దాకా ప్రతి గీత ఆయనదే. అరేంజర్‌గా ఇంకొకరి పేరు వేయాల్సిన అవసరం లేకుండా, వేయకపోయినా తప్పు లేకుండా చేసుకున్న మనిషి ఆయన. ఏళ్ళ తరబడి ఇంకొకరి పాటలు మోసినవాడు తన పాట మొదలుపెట్టగానే ఆ బరువు ఎవరికీ ఇవ్వలేదంటే, అది స్వభావమో అనుభవమో మరి.

పెనుకొండలో పగలు జెరాక్స్ షాపు నడుపుతూ, ముహూర్తాల రోజుల్లో కీబోర్డు వాయించే తమ్ముడొకడు ఉన్నాడు. బిట్ల సంగతి నాకు చెప్పిందీ, చూపించిందీ వాడే. వాడి దగ్గర ఒక పొడుగాటి లెడ్జర్ పుస్తకం ఉంది. కిరాణా కొట్లో బాకీలు రాసుకునే రకం. అందులో అన్నీ బిట్లే. సరిగమలు తెలుగులో, పై స్థాయికి నెత్తిన చుక్క, కింది స్థాయికి కాళ్ళ దగ్గర చుక్క. వయొలిన్లు ఎర్ర సిరాతో, ఫ్లూటు ఆకుపచ్చతో, సితార్ అయితే నీలం. ఒక వాద్యం నుంచి ఇంకోదానికి మారాల్సిన చోట చిన్న సున్నా, అందులో కీబోర్డులో ఆ టోన్ నంబరు. అంచుల్లో "ఇక్కడ ప్యాడ్స్‌కు కన్ను కొట్టు" లాంటి హెచ్చరికలు. ఒక్కో పేజీ ఒక్కో పాట. పాట పేరు పైన రాయలేదు, పల్లవి మాటలు ఎక్కడా లేవు.

"పేర్లెందుకు రాయలేదురా?" అన్నాను.

"బిట్టు చూస్తే తెలీదా అన్నా?" అన్నాడు, నేను అడగకూడనిది అడిగినట్టు.

వాడు చెప్పిన ఇంకో మాట: "పాడేటోడు మాట మింగినా ఎవురూ పట్టించుకోరు. చరణాలు తారుమారైనా చప్పట్లు కొడతారు. బిట్టులో ఒక్క స్వరం పడలేదనుకో, ఐస్‌క్రీం తినే పిల్లోడు గూడా స్టేజి దిక్కు తిరిగి చూస్తాడు."

వాడి పని ఇంకో రకంగానూ గట్టిది. ఇరవై మంది వయొలిన్లు, ఇద్దరు ఫ్లూట్లు, సితార్, గిటార్లు చేసిన పనిని రెండు చేతుల్లోకి దించాలి. ఎడమ చేతికి స్ట్రింగ్స్, కుడి చేతికి మిగతా ప్రపంచమంతా. అన్నీ వాయించడం ఎలాగూ కుదరదు. ఏది వదిలేస్తే జనానికి తెలియదో, ఏది వదిలేస్తే ప్రాణం పోతుందో పోల్చుకోవాలి. అసలు పాటలో ఐదు వరసలు ఒకేసారి నడుస్తుంటే వాడు రెండు పట్టుకుంటాడు, మిగతా మూడూ వింటున్నవాళ్ళ జ్ఞాపకం వాయిస్తుంది. మద్రాసులో అరేంజర్ కలుపుతూ పోయిన దాన్ని వీడు పెనుకొండలో తీసేస్తూ పోతాడు. రెండూ ఒకే చదువు అని నా నమ్మకం. ఆ చదువుకు వాడికి సర్టిఫికెట్టు లేదు. వాళ్ళ నాయన బ్యాండ్‌సెట్‌లో క్లారినెట్.

ఒకసారి పెనుకొండ అబ్బాయికీ గౌరిబిదనూరు అమ్మాయికీ పెళ్ళి. షామియానాలో సగం తెలుగు, సగం కన్నడం. రాజన్-నాగేంద్ర కన్నడ 'ఎరడు కనసు'లో చేసిన ఒక బాణీనే మరుసటి ఏడు, 1975లో, తెలుగు 'పూజ'లో వాడుకున్నారు. రెండు చోట్లా దేవుడికి పూలు తెచ్చే పాటే. మావాడు ఆ రెండింటి బిట్లూ తనకు తోచినట్టు కలిపి మొదలుపెట్టి, పాడే అమ్మాయికి చేత్తో ఆగమని సైగ చేశాడు. ఆడపెళ్ళివాళ్ళు కన్నడంలో అందుకున్నారు, మగపెళ్ళివాళ్ళు తెలుగులో. ఎవరి మాటలు వాళ్ళవి, మధ్యలో అందరూ కలిసి నోటితో వయొలిన్లు వాయించారు. పాడే అమ్మాయి మైకు కిందికి దించి మంచినీళ్ళు తాగింది.

ధర్మవరం వైపు వెళ్తే ఈ పేర్ల గొడవ చాలా పాతది. సినిమా పుట్టక ముందే, 1853లో, ఆ ఊళ్ళో పుట్టిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు బళ్ళారి చేరి ప్లీడరీ చేస్తూ, సరసవినోదినీ సభ పెట్టి, తెలుగు నాటకాన్ని కొత్త దారి పట్టించాడు. 'చిత్రనళీయం' ఆయనదే, విషాదాంతంగా ముగిసే 'విషాద సారంగధర' ఆయనదే. ఆంధ్ర నాటక పితామహుడని బిరుదు. నాటకంలో పాటలు పెట్టి, పద్యాలను రాగంతో పాడించి జనాన్ని రప్పించినవాళ్ళలో ఆయన మొదటి వరస. ఒక రకంగా మన పాపులర్ సంగీతానికి మా ప్రాంతం నుంచి వెళ్ళిన తొలి పాటల రచయిత. తమాషా ఏమిటంటే ఆయన మేనల్లుడు తాడిపత్రి రాఘవాచార్యులు, అదే మన బళ్ళారి రాఘవ, పాత్ర ఏడవాల్సిన చోట నటుడు రాగాలాపన మొదలుపెట్టడం ఏమిటని ఆ పాటల మీదే తిరగబడ్డాడు. పాటలు చేర్చిన మేనమామ పేరుంది, పాటలు చాలించమన్న మేనల్లుడి పేరుంది. తర్వాతి రోజుల్లో పద్యనాటకాల పక్కన పెట్టె ముందు కూర్చుని, పద్యం అందుకునే ముందు శ్రుతి ఇచ్చి, నటుడి గొంతు జారితే స్వరంతో ఎత్తి పట్టి, "వన్స్‌మోర్" అని అరుపు వినపడగానే మళ్ళీ మొదటికి లాక్కొచ్చిన హార్మోనిస్టుల పేర్లు ఎన్ని చెప్పగలం? మా తాతల తరం చెప్పగలిగేది. వాళ్ళకు నటుడి కంటే హార్మోనిస్టు ఎవరన్నదే ముఖ్యం. వాల్‌పోస్టరు మీద వేయించుకునేవాళ్ళు కూడా. సినిమా వచ్చి ఆ పద్ధతిని పాడు చేసింది.

ఆ ఊరి చీర సంగతీ ఇంతే. ధర్మవరం కొట్లో చీర చూపించేవాడు ముందు ఒళ్ళు చూపించడు, అంచు మడత విప్పుతాడు, తర్వాత కొంగు పరుస్తాడు. బేరం అక్కడే తేలిపోతుంది. ఆ అంచు మగ్గం మీదికి ఎలా వచ్చిందంటే, ఎవరో ఒకాయన గళ్ళ కాగితం మీద నెమలినో మామిడి పిందెనో గడి గడికీ గీస్తాడు. దాన్ని చూసి అట్టలకు బెజ్జాలు కొడతారు. ఆ అట్టలన్నీ దండలా కుట్టి మగ్గం నెత్తిన జకార్డుకు తగిలిస్తారు. బెజ్జం ఉన్న చోట ఒక పోగు లేస్తుంది, లేని చోట అణిగి ఉంటుంది. నేతగాడు కాలు తొక్కిన కొద్దీ అట్ట తిరిగి, నెమలి కొంచెం కొంచెంగా పైకొస్తుంది. పెనుకొండ లెడ్జరులోని ఎర్ర చుక్కలూ ఆకుపచ్చ చుక్కలూ నాకు ఆ అట్టల్లాగే కనపడ్డాయి. నెమలి ఎవరు గీశారని ఒక మగ్గం దగ్గర అడిగితే, "యాడనుంచో వచ్చిన డిజైనప్పా" అన్నారు.

ఈ దాపరికం మన ఒక్కరిదే కాదు. 1965లో బీటిల్స్ 'యెస్టర్‌డే' పాటకు నాలుగు తంత్రీ వాద్యాల బృందాన్ని చేర్చమని చెప్పి, వాళ్ళకు రాసిచ్చింది జార్జ్ మార్టిన్. పాట కర్తృత్వం మాత్రం లెనన్, మెకార్ట్నీలది. బొంబాయిలో గోవా నుంచి వచ్చిన సెబాస్టియన్ డిసౌజా శంకర్-జైకిషన్ పాటలకు వాద్యాలు కూర్చాడు. మరో గోవా వాడు ఆంథనీ గొన్సాల్వెస్ సంగీత దర్శకుడు ప్యారేలాల్‌కు వయొలిన్ నేర్పాడు. శిష్యుడు గురుభక్తితో 1977లో ఆయన పేరునే ఒక సినిమా పాటలో పెట్టించాడు. ఫలితం ఏమయ్యింది? ఆ పేరు దేశమంతా మారుమోగింది. వినగానే అందరికీ కనపడేది మాత్రం పెద్ద గుడ్డులోంచి టోపీ పెట్టుకుని బయటికొచ్చే అమితాబ్ బచ్చన్.

కొందరికి ఈ సహాయకుడి ఉద్యోగం మెట్టు, కొందరికి గమ్యం. సంగీత దర్శకుడు చక్రవర్తి దగ్గర సహాయకులుగా చేసిన రాజ్, కోటి ఇద్దరూ కలిసి సంగీత దర్శకులయ్యారు. టి.వి.రాజు కొడుకొకడు, సాలూరి వారి కొడుకొకడు. కీరవాణీ చక్రవర్తి దగ్గర పని చేసినవాడే. కీరవాణి పాటలకు కీబోర్డు పట్టిన మణిశర్మ తర్వాత తన పాటలు తాను చేసుకున్నాడు, మణిశర్మకు ప్రోగ్రామింగ్ చేసిన తమన్ ఇప్పుడు తానే ఒక కార్ఖానా. ఇలా ఎక్కినవాళ్ళ పేర్లు చెప్పుకోవడం తేలిక. ఎక్కినా అరేంజర్‌గానే మిగిలినవాళ్ళలో ఒకరి గురించి చెప్పాలంటే ఆర్.కె.శేఖర్. మలయాళ పాటలకు అరేంజర్. పొద్దున ఒక సంగీత దర్శకుడికి, సాయంత్రం ఇంకొకరికి, సలీల్ చౌదరి వస్తే ఆయనకు. 1976లో చిన్న వయసులోనే పోయాడు. తొమ్మిదేళ్ళ కొడుకు. ఇంట్లో మిగిలింది ఆయన వాద్యాలు, వాటిని అద్దెకిచ్చుకుంటూ సంసారం నడిచింది. ఆ కొడుకు దిలీప్ కీబోర్డు పట్టుకుని రాజ్-కోటి దాకా ఎందరి దగ్గరో వాయించాడు. 1992లో 'రోజా' వచ్చింది, అప్పటికి అతని పేరు ఎ.ఆర్.రహమాన్.

రహమాన్ క్యాసెట్లలో నేను గమనించిన మొదటి సంగతి పాటలు కాదు, అట్ట. ఫ్లూటు ఫలానా, గిటార్ ఫలానా, వీణ ఫలానా అని పేర్లు. 'బొంబాయి' సినిమాలో ఆ ఫ్లూటు వాయించింది నవీన్ అని హిందూపురంలో మాకు తెలియడానికి కారణం ఆ పద్ధతే. అరేంజర్ కొడుకు క్యాసెట్ అట్ట మీద చోటు దొరికించుకున్నాడు! దానికీ దీనికీ సంబంధం ఉందని నేను నిరూపించలేను, లేదంటే మాత్రం నమ్మను. అయితే అదే రహమాన్ తరంతో కంప్యూటరు కూడా వచ్చింది. ఇరవై మంది వయొలిన్లు ఒక మీటలో చేరారు. కాగితాలు రాసిచ్చే అరేంజర్ పోయి, తలుపు వేసుకుని ఒక్కడే కూర్చునే ప్రోగ్రామర్ వచ్చాడు. పని అదే, చెయ్యి ఊపడానికి ఎదురుగా మనుషులు లేరంతే.

చట్టానికి ఈ మనిషి తెలుసా అంటే, ఒక రకంగా తెలుసు. మన 1957 కాపీరైట్ చట్టం సంగీత రచనకు కర్త సంగీతకర్త అంటుంది. వాద్యాల కూర్పును వేరే కర్తృత్వం కింద చెప్పదు, ఉన్న రచనను మార్చి అమర్చడం కింద లెక్కేస్తుంది. 2012 సవరణ వచ్చి పాట రాసినవాళ్ళకూ బాణీ కట్టినవాళ్ళకూ రాయల్టీ దారి వేసింది, మంచిదే. నాలుగో మనిషి కాల్షీట్ డబ్బులు తీసుకుని ఇంటికి వెళ్తాడు. 2023లో 'నాటు నాటు'కు ఆస్కార్ వచ్చినప్పుడు వేదిక ఎక్కాల్సింది కీరవాణీ చంద్రబోసే, ఎందుకంటే ఆ అవార్డు బాణీకీ మాటకీ. గ్రామీ వాళ్ళు మాత్రం వాద్యాల కూర్పుకు విడిగా అవార్డు పెట్టుకున్నారు. మన నంది అవార్డులు ఉన్నన్నాళ్ళూ ఆ పని ఎందుకు చేయలేదని నాకు కోపం. మేకప్‌కు ఇచ్చారు, కాస్ట్యూమ్స్‌కు ఇచ్చారు. పాటకు చీర కట్టినవాడికి ఇవ్వడానికి ఏమొచ్చింది?

ఈ మాటే ఆవేశంగా పెనుకొండ తమ్ముడి షాపులో కూర్చుని అన్నాను. వాడు ఎవరిదో పాస్‌బుక్ రెండు వైపులా జెరాక్స్ తీస్తున్నాడు. కాగితాలు సర్ది ఇచ్చేశాక, "నువ్వు చెప్పేది బాగానే ఉందిలే గానీ అన్నా, అన్నిసార్లూ పేరు పనికిరాదు" అన్నాడు. ఎన్నికలప్పుడు ప్రచారం పాటలు చేసిపెడతాడు వాడు. హిట్టయిన పాట తీసుకుని, మాటలు తీసేసి, అభ్యర్థి పేరు, గుర్తు, చేసిన పనులు, చేయబోయే పనులు ఇరికించి పెన్‌డ్రైవ్‌లో పెట్టి ఇవ్వాలి. మైకులు కట్టిన ఆటోలు ఊళ్ళెంట తిరుగుతాయి. మాటలు ఎట్లా రాసినా ఒప్పుకుంటారట. గొంతు ఎవరిదైనా అడగరట. ఒక్క షరతు మాత్రం పెడతారట, బిట్టు ఉన్నదున్నట్టు పడాల. జనం ఆటో దిక్కు తల తిప్పేది దానికే.

"మరి దానికైనా నీ పేరు వేయించుకున్నావా?"

"వేస్తామన్నారు. వద్దని నేనే చేతులెత్తి మొక్కినా." పాస్‌బుక్ గలాయన ఇచ్చిన చిల్లర లెక్కపెట్టుకుంటూ గొంతు తగ్గించాడు. "ఎదుటి పార్టీ పాట గూడా నేనే కదన్నా చేసింది. అదే బిట్టుతో."